శెనక్కాయ చేను, ఆవు, పాలగ్లాసు: మన జిల్లాలో వన్ హెల్త్ పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

స్వాతి_మైక్రో
సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో మైక్రోబయాలజీ పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. వన్ హెల్త్ మీద పని చేయాలని, మా గైడ్ మేడం ఒక షరతు పెట్టారు. మనుషులు, పశువులు, పంటలు, నేల-నీరు, ఈ నాలుగూ కలిసే చోటే నా ప్రశ్న ఉండాలట. ఒకటి వదిలినా ఒప్పుకోనన్నారు.

మన ఊరికి ఈ పని కొత్తగా తెచ్చిపెట్టాల్సినది కాదనిపిస్తోంది. ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది. వెటర్నరీ కాలేజీ 1955లో, మెడికల్ కాలేజీ 1960లో, వ్యవసాయ కాలేజీ 1961లో వచ్చాయి. ఏడేళ్లలో నాలుగూ ఒకే ఊళ్లో, ఒకదానికొకటి ఆటో దూరంలో. తర్వాత 1993లో స్విమ్స్ ఆసుపత్రి, 2005లో వెటర్నరీ యూనివర్సిటీ, 2015లో ఐఐటీ, ఐసర్. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఎలాగూ ఉంది. ఇన్ని సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లు దేశంలో ఎక్కువ ఉండవు. అయినా వెటర్నరీ వాళ్లు తీసిన శాంపిల్ సంగతి మెడికల్ వాళ్లకు తెలియదు, వ్యవసాయం వాళ్ల లెక్కలు ఈ ఇద్దరికీ తెలియవు.

నా మనసు యాంటీబయాటిక్స్ వైపు ఉంది. పొదుగువాపు వచ్చిన ఆవుకు ఇంజెక్షన్ వేస్తారు, మందు పాలల్లోకి వస్తుంది, పేడ ద్వారా చేనులోకి పోతుంది. వరి ఎండాకు తెగులుకు స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొట్టడం కూడా మన రైతులకు తెలిసిందే. మందులకు లొంగని బ్యాక్టీరియా చివరికి ఆసుపత్రి వార్డులో తేలుతుంది. నాలుగూ కలుస్తున్నాయి కదా. కానీ ఖాయం చేసుకునే ముందు పల్లెల్లో పని చేసేవాళ్లు ఏమంటారో వినాలని రాస్తున్నాను. మీ ఊళ్లో ఏ ప్రశ్నకు జవాబు దొరికితే నిజంగా ఉపయోగం?


పలమనేరు_పశువైద్యం
సోమవారం, రాత్రి 9:25

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇరవై ఏళ్లకు పైగా పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను కాబట్టి చూసినది చెబుతాను.

మొదట దొమ్మ. ఆంత్రాక్స్ అంటే డాక్టర్లకు అర్థమవుతుంది, దొమ్మ అంటే గొర్రెల కాపరికి అర్థమవుతుంది. వానలు పడ్డాక గొర్రె ఉన్నట్టుండి చచ్చిపోతుంది, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం వస్తుంది. దాన్ని కోయకూడదు. కోస్తే గాలి తగిలి బీజాలు తయారవుతాయి, అవి నేలలో దశాబ్దాల పాటు బతికే ఉంటాయి. ఆరడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. కానీ అప్పు చేసి కొన్న గొర్రెను పూడ్చిపెట్టమంటే ఎంతమంది వింటారు? తోలు ఒలుస్తారు, మాంసం పంచుకుంటారు. వారం తిరిగేసరికి ఒలిచినవాడి చేతి మీద పుండు లేస్తుంది.

రెండోది బ్రూసెల్లోసిస్. ఆవు నెలలు నిండకముందే ఈడుస్తుంది, మాయ ఉత్త చేతులతో తీసిన ఇంటాయనకు నెలల తరబడి వచ్చీపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. ఆయన ఆవును మా దగ్గరికి తెస్తాడు, తాను ఇంకో డాక్టరు దగ్గరికి వెళతాడు. రెండూ ఒకటే జబ్బని ఎవరూ ఆయనకు చెప్పరు. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేస్తే చాలు.

నా దృష్టిలో ఇలాంటి ఇంటిని, ఆవునూ మనిషినీ కలిపి పరీక్షించే పనే ముందు జరగాలి.


జనరల్_మెడిసిన్_తిరుపతి
సోమవారం, రాత్రి 10:10

పై డాక్టరు గారు చెప్పిన పుండు గురించి ఒక మాట. ఒంటి మీద నల్లటి పెచ్చుతో వచ్చే రోగులను మేం రెండు రకాలుగా చూస్తాం. చుట్టూ బాగా వాచి, నొప్పి లేకుండా, చేతి మీదో ముఖం మీదో ఉంటే దొమ్మ అనుమానిస్తాం. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టుగా ఉండి, తోడు జ్వరం ఉంటే స్క్రబ్ టైఫస్. ఇది పొదల్లో ఉండే సన్నటి పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. ఆ పురుగులు ఎలుకల్ని పట్టుకుని తిరుగుతాయి. వెంటనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ఐసీయూ దాకా పోతుంది.

"మీ ఇంట్లో ఈమధ్య గొర్రె చచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్న చాలా సందర్భాల్లో దారి చూపిస్తుంది. ఆ ప్రశ్న అడగడం మాకు ఎంబీబీఎస్‌లో ఎవరూ అలవాటు చేయలేదు. మా ఓపీ చీటీ మీద రోగి వృత్తి రాసే గడి ఉంటుంది కానీ ఇంట్లో ఏ పశువులున్నాయో రాసే చోటు లేదు.

స్క్రబ్ టైఫస్ రోగుల లెక్క ఆసుపత్రిలో ఉంటుంది. వాళ్ల ఊళ్లో ఎలుకల్నీ, పొదల్నీ అదే నెలలో ఎవరు చూస్తారు? స్వాతి, ఇది కూడా ఆలోచించండి.


కుక్కకాటు_క్లినిక్
మంగళవారం, ఉదయం 7:05

ఇన్ని జబ్బులు చెప్పారు, రేబిస్ పేరు ఎవరూ ఎత్తలేదేం? వస్తే బతకడం దాదాపు అసాధ్యమైన జబ్బు ఇది. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కల వల్లే. కాటు పడగానే సబ్బుతో పావుగంట ధారగా కడగాలి, 0, 3, 7, 28 రోజుల్లో టీకా, లోతైన కాటయితే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. ఇన్ని ఏళ్లుగా చెబుతున్నా ఇంకా కారం పెట్టుకుని, ఆకు పసరు కట్టుకుని వస్తున్నారు.

పర్యావరణానికీ దీనికీ సంబంధం కూడా చిన్నదేం కాదు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి పోయి వాటి కిడ్నీలు చెడగొట్టింది. మన దేశంలో రాబందులు నూటికి తొంభై అయిదు పైన అంతరించాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించేసరికే చాలా ఆలస్యమైంది. తినేవాళ్లు లేని కళేబరాల మీద కుక్కలు పెరిగాయి. ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్కగట్టారు: 2000 నుంచి 2005 మధ్య రాబందులు పోవడం వల్ల అదనంగా అయిదు లక్షల మంది దాకా చనిపోయి ఉంటారని. పశువుల మందు, పక్షి, కుక్క, మనిషి. ఇంతకంటే సూటిగా ఏముంటుంది?


పలమనేరు_పశువైద్యం
మంగళవారం, ఉదయం 7:50

సార్, మీ మాటతో పేచీ లేదు. కానీ రేబిస్‌కు ఇప్పుడు మన దగ్గర లోటు జ్ఞానం కాదు. ఊళ్లో నూటికి 70 కుక్కలకు ఏటా టీకా వేస్తే జబ్బు ఆగుతుందని ప్రపంచమంతా తెలుసు. లోటు డబ్బు, మనుషులు, వలలు పట్టేవాళ్లు. ఒక పీహెచ్‌డీ అమ్మాయి థీసిస్ రాస్తే అది తీరదు.


కుక్కకాటు_క్లినిక్
మంగళవారం, ఉదయం 8:15

ఒప్పుకోను డాక్టరు గారూ. యాత్రికులు ఇంతమంది వచ్చిపోయే ఊళ్లో కుక్కలు ఎన్ని, ఎక్కడ తింటాయి, ఏ వీధి నుంచి ఏ వీధికి పోతాయి అన్న లెక్క లేకుండా ఆ 70 శాతం ఎలా పట్టుకుంటారు? అది పరిశోధనే. ఇక్కడితో ఆపుతాను, అమ్మాయి ప్రశ్న పక్కదారి పట్టకూడదు.


తెగుళ్ల_విభాగం
మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇంతవరకు నాలుగు జబ్బులు వచ్చాయి, అన్నీ పశువు నుంచి మనిషికి వచ్చేవే. వన్ హెల్త్ మీటింగ్ ఎక్కడ పెట్టినా ఇదే జరుగుతుంది. వెటర్నరీ, మెడికల్ వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, పంటల వాళ్లను చివర్లో పిలుస్తారు, ఫొటో కోసం. స్వాతి వాళ్ల మేడం "పంట" అని ప్రత్యేకంగా చెప్పినందుకు ఆవిడకు నా నమస్కారం.

మన జిల్లాకు సరిపోయే ప్రశ్న శెనక్కాయలో ఉంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొద్ది నెలల్లోనే చచ్చిపోయాయి. కారణం తెలియక దాన్ని టర్కీ ఎక్స్ జబ్బు అన్నారు. వెతికితే దాణాలో వేసిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో బూజు, ఆ బూజు విడిచే విషం కనిపించాయి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు పేరు మీదే దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ విషాల్లో బి1 అనేది లివర్ క్యాన్సర్ తెస్తుందని ఏ సందేహం లేకుండా రుజువైంది.

ఈ బూజు గోదాములో పుడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కథ చేనులోనే మొదలవుతుంది. కాయ ఊరే దశలో, కోతకు ముందు చివరి నెలలో వాన ముఖం చాటేస్తే నేల వేడెక్కుతుంది, కాయలో తేమ తగ్గుతుంది. నీళ్లున్నప్పుడు గింజ తనను తాను కాపాడుకునే పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఎండితే ఆ శక్తి పోతుంది. బూజు నేలలో ఎప్పుడూ ఉండేదే, అదను చూసి లోపలికి పోతుంది. చెదపురుగు, కాయతొలుచు పురుగు కన్నం పెట్టిన కాయయితే దానికి తలుపు తెరిచినట్టే.

వర్షాధారం మీద ఎర్రనేలల్లో వేసే మన శెనక్కాయకు ఈ ఎండు దశ రాని ఏడాది ఎన్ని? ధరణి, నారాయణి లాంటి రకాలు ఇచ్చిన పరిశోధన స్థానం తిరుపతిలోనే ఉంది. పంట వైపు పని చాలా జరిగింది. ఆ కాయ గానుగలో నూనె తీశాక మిగిలే చెక్కగా మారి ఆవు కడుపులోకి పోయాక ఏమవుతుందో మేం వెంబడించం. అది మా సబ్జెక్టు కాదు మరి.


పాలకేంద్రం_ల్యాబ్
మంగళవారం, సాయంత్రం 6:20

ఆవు కడుపులోకి పోయాక సంగతి నేను చెబుతాను, పాల పరీక్షలే నా ఉద్యోగం.

ఆవు తిన్న బి1 లివర్‌లో ఎం1 అనే ఇంకో రూపంగా మారి పాలల్లోకి వస్తుంది. తిన్న రోజు గడవకముందే కనిపిస్తుంది. ఆ మేత ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. తిన్నదాంట్లో నూటికి ఒకటి నుంచి మూడు వంతులు, ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఇంకాస్త ఎక్కువ, పాలలోకి వస్తుంది. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ఐరోపాలో 0.05.

లెక్క వేసి చూడండి. కిలోకు 150 మైక్రోగ్రాముల విషం ఉన్న చెక్క రోజుకు 2 కిలోలు పెడితే ఆవు కడుపులోకి 300 మైక్రోగ్రాములు పోతుంది. అందులో 2 శాతం అంటే 6. ఆవు 10 లీటర్లు ఇస్తే లీటరుకు 0.6. పరిమితి దాటిపోయింది. పాలు విరగవు, వాసన రావు, రంగు మారవు. కాచినా పోదు.

స్వాతి గారూ, మీరు యాంటీబయాటిక్స్ అన్నారు కదా. ఆహార భద్రతా సంస్థ దేశమంతా 6,432 పాల శాంపిళ్లు పరీక్షించి 2019లో ఫలితాలు బయటపెట్టింది. యాంటీబయాటిక్ పరిమితి దాటినవి 1.2 శాతం. అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటినవి 5.7 శాతం. ఎక్కువ కనిపించిన రాష్ట్రాల్లో మన పక్కనున్న తమిళనాడు ఒకటి. మేత, చెక్క, పాలు రోజూ సరిహద్దు దాటి అటూ ఇటూ తిరిగే జిల్లా మనది.

ఒక్క మాట. నెపమంతా శెనక్కాయ చెక్క మీదే వేయొద్దు. పత్తి చెక్క, మొక్కజొన్న, తడిసిన తవుడు, అన్నిట్లోనూ ఇది ఉంటుంది.


రొంపిచెర్ల_రైతు
మంగళవారం, రాత్రి 9:45

అన్నీ చదివినాను. మాకు శెనక్కాయా ఉంది, రెండు జెర్సీ ఆవులూ ఉన్నాయి. కాబట్టి మీరు మాట్లాడేది మా ఇంటి గురించే.

తెగుళ్ల సార్ చెప్పింది నిజం. విత్తనం పడ్డాక వాన బాగుంటుంది, పూత నుంచి ఊడలు నేలలోకి దిగేటప్పుడూ ఉంటుంది, సరిగ్గా కాయ ఊరేటప్పుడు మొహం చాటేస్తుంది. 2016లో రెయిన్ గన్లు తెచ్చి ఒక తడి ఇచ్చినారు. అన్నిచోట్లా కుదరలేదు, నీళ్లుండాలి కదా. తర్వాత పీకి కుప్ప వేసినాక వాన వస్తుంది. మంచి కాయ వ్యాపారికి పోతుంది. నల్లబడినదీ, ముడతపడినదీ, పుచ్చుదీ గానుగకు పోతుంది. నూనె మేం తింటాం, చెక్క ఆవు తింటుంది. కట్టెలో మిగిలిన కాయ కూడా ఆవుకే. ఆ పాలలో సగం కేంద్రానికి, సగం పిల్లోళ్లకు.

ఇప్పుడు నా భయం చెబుతాను. మీరు మా ఊరికి వస్తారు, పాలు పట్టుకుపోతారు, విషం ఉందని కాగితం మీద రాస్తారు. పేపర్లో వస్తుంది. మర్నాడు మా ఊరి పాలు ఎవరు తీసుకుంటారు? లీటరుకు రెండు రూపాయలు తగ్గిస్తే ఎవరు ఇస్తారు? మీకు డిగ్రీ వస్తుంది, మాకు చెడ్డపేరు వస్తుంది. ఇదివరకు మట్టి పరీక్ష అని వచ్చినవాళ్లు ఫలితం చెప్పడానికి మళ్లీ రాలేదు. కోపంతో అనడం లేదమ్మా, తెలుసుకోవాలని అంటున్నాను.


స్వాతి_మైక్రో
మంగళవారం, రాత్రి 10:30

అన్నా, మీరు అడిగినదానికి సరైన జవాబు చెప్పకుండా నేను ఏ ఊళ్లోనూ అడుగు పెట్టకూడదు. అందరూ దీని మీద రాయండి, ప్లీజ్. ఏ విషం కొలవాలన్నదాని కంటే ఇదే ముందు తేలాలి.


జనరల్_మెడిసిన్_తిరుపతి
బుధవారం, ఉదయం 6:30

ఎథిక్స్ కమిటీ ముందుకు ఇలాంటి అధ్యయనం వస్తే మొదట అడగాల్సింది రొంపిచెర్ల అన్న అడిగిన ప్రశ్నే. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన పని అయిపోదు. ఊరి పేరు, ఇంటి పేరు ఎక్కడా బయటికి రాకుండా కోడ్ నంబర్లతో ఉంచాలి. ఫలితం ముందు ఆ ఇంటికే చెప్పాలి. దాంతోపాటు ఏం చేస్తే తగ్గుతుందో కూడా అదే రోజు చెప్పాలి. చేయగలిగినది ఏమీ లేకుండా "మీ పాలలో విషం ఉంది" అని చెప్పి వెళ్లిపోవడం హాని చేయడమే.

మనుషుల వైపు నుంచి ఒక పాత సంఘటన. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మందికి లివర్ దెబ్బతింది. 106 మంది చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరిశోధించి కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. ఒకే ఇంట్లో మనిషినీ పశువునూ కలిపి చూడాలన్న వాదనకు నాకు తెలిసి మన దేశంలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

అంత పెద్ద మోతాదు మన దగ్గర ఉందని నేను అనడం లేదు. మన ప్రశ్న కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి లోపలికి పోయేదాని గురించి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో ఈ విషం తోడైతే లివర్ క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. పిల్లల ఎదుగుదల తగ్గుతుందా అన్నదానిపై ఆఫ్రికా దేశాల్లో చాలా అధ్యయనాలు జరిగాయి. సంబంధం కొన్నిచోట్ల కనిపించింది, కారణం అదేనని మాత్రం తేలలేదు. అందుకని పిల్లల రక్తం తీయొద్దు. మూత్రంలో ఎం1 తెలుస్తుంది, మొదటి దశకు అది చాలు.


చంద్రగిరి_లక్ష్మి
బుధవారం, ఉదయం 11:15

నేను శాస్త్రం చదువుకోలేదు. ఇద్దరు చిన్నపిల్లల తల్లిని. ఇదంతా చదివాక టెన్షన్ పట్టుకుంది. పాలు మానేయాలా? పల్లీల చట్నీ రోజూ చేస్తాను, బడిలో చిక్కీ ఇస్తారు. ఇప్పుడు ఏం చేయాలో ఎవరైనా తేలిగ్గా చెప్పండి.


తెగుళ్ల_విభాగం
బుధవారం, మధ్యాహ్నం 12:40

లక్ష్మి గారూ, పాలు మానొద్దు. పల్లీలూ మానొద్దు, పిల్లలకు అంత మంచి మాంసకృత్తులు చవగ్గా మరొకటి దొరకవు. కొనేటప్పుడు చూసి కొనండి. ముడతపడినవి, రంగు మారినవి, నల్లమచ్చలున్నవి, పైన ఆకుపచ్చ-పసుపు పొడి ఉన్నవి, నోట్లో వేస్తే చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. విషం ఎక్కువ భాగం ఆ కొన్ని గింజల్లోనే ఉంటుంది కాబట్టి ఏరడం నిజంగా పనిచేసే ఉపాయం. వేయిస్తే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, కాబట్టి వేయిస్తున్నాం కదా అని ఏరడం మానొద్దు. ఏరినవి కోళ్లకో ఆవుకో పెట్టొద్దు. నెలల సరుకు ఒకేసారి కొని వంటింటి తేమలో ఉంచొద్దు. చవకగా వస్తున్నాయని ముక్కల పల్లీలు తీసుకోవద్దు.


జనరల్_మెడిసిన్_తిరుపతి
బుధవారం, మధ్యాహ్నం 1:05

పిల్లలకు హెపటైటిస్ బి టీకాలు పూర్తయ్యాయో లేదో కార్డు చూసుకోండమ్మా. మీ చేతిలో ఉన్నవాటిలో అది చాలా ముఖ్యం.


గణాంకాలు_సురక్షితం
బుధవారం, సాయంత్రం 5:50

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. స్వాతి గారు ఈ ప్రశ్న తీసుకుంటే అసలు కష్టం ల్యాబ్‌లో ఉండదు, శాంపిల్ తీయడంలో ఉంటుంది. తెగుళ్ల సార్ అన్నట్టు విషం కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుంది. మూటలో వెయ్యి గింజలు బాగుండి ఒక్కటి చెడినా ఆ మూట పరిమితి దాటవచ్చు. పైనుంచి గుప్పెడు తీస్తే ఆ ఒక్కటి దొరకదు, అంతా శుభ్రమని రాస్తారు. దొరికితే ఊరంతా విషమని రాస్తారు. రెండూ తప్పే. మూట పైన, మధ్య, అడుగు నుంచి తీసి, కిలోల్లో సేకరించి, మొత్తం కలిపి పిండి చేసి, అందులోంచి పరీక్షకు తీయాలి.

పాలతో ఈ బాధ తక్కువ, ఆవే అంతా కలిపి ఇస్తుంది. అందుకే పాలు చూసి వెనక్కి వెళ్లడం ఒక పద్ధతి. పాలలో ఎం1 ఎక్కువున్న ఇంటి మేత చూడాలి, ఆ మేత ఏ చేనుదో చూడాలి, ఆ చేనుకు చివరి నెల వాన ఎంత పడిందో చూడాలి.

ఇంకో ముఖ్యమైన మాట. నాలుగు విభాగాలు నాలుగు ఊళ్లలో నాలుగు నెలల్లో శాంపిళ్లు తీసి చివరికి ఒక రిపోర్టుగా కుడితే దాన్ని వన్ హెల్త్ అనలేం. ఒకే ఇల్లు, ఒకే వారం, ఒకే కోడ్ నంబరు. నాలుగూ అక్కడ కలవాలి. ఆ పట్టిక మొదటి రోజే నలుగురూ కూర్చుని రాసుకోవాలి.


పలమనేరు_పశువైద్యం
బుధవారం, రాత్రి 8:30

సురక్షితం గారి చివరి పేరా మా డిపార్టుమెంటు గోడ మీద అంటించాలి.

రైతు అన్న అడిగినదానికి నా వైపు నుంచి జవాబు. పాలలో ఎక్కువ కనిపించిన ఇంట్లో ఆ చెక్క ఆపి వేరే మేత పెట్టిస్తే నాలుగో రోజుకు మళ్లీ పరీక్షలో తేడా చూపించవచ్చు. దాణాలో కలిపే బెంటోనైట్ మట్టి లాంటివి విషాన్ని పేగులోనే పట్టి ఉంచుతాయి, అవి దొరుకుతున్నాయి. అంటే ఇది చేయగలిగినది ఉన్న సమస్య. ఆవుకూ మంచిదే. అఫ్లాటాక్సిన్ తినే ఆవు పాలు తగ్గుతాయి, చూలు నిలవదు, టీకాలు కూడా సరిగా పట్టవు. దూడల లివర్ చెడుతుంది. రైతు నష్టపోయేది పాల ధరలో మాత్రమే కాదు, ఇప్పటికే కనపడకుండా నష్టపోతున్నాడు.


రొంపిచెర్ల_రైతు
బుధవారం, రాత్రి 9:20

అది నాకు తెలియదు డాక్టరు గారూ. చూలు నిలవకపోవడానికి ఇదీ ఒక కారణమంటే మా ఊళ్లో సగంమంది వింటారు. పిల్లోళ్ల లివర్ అంటే భయపడతారు, ఆవు చూలు అంటే లేచి వస్తారు. ఉన్నమాటే చెబుతున్నాను.

అయితే ఆపిన చెక్క నేనేం చేయాలి? మూట పారేయమంటారా? దాని డబ్బు ఎవరిస్తారు?


పాలకేంద్రం_ల్యాబ్
బుధవారం, రాత్రి 9:55

అన్నా, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పరీక్ష కొన్న తర్వాత కాకుండా కొనే ముందు జరిగితే నష్టం గానుగ దగ్గరే ఆగుతుంది. స్ట్రిప్ పరీక్షలు కొద్ది నిమిషాల్లో చెబుతాయి. సంఘం తరఫున గానుగ లోడుకు ఒక పరీక్ష అంటే మూటకు పడేది చిల్లరే. ఈ ప్రాజెక్టు డబ్బులో మొదటి ఖర్చు దీనికే పెట్టమని నేను అడుగుతాను. పాల కేంద్రాలు కూడా తమ ప్రయోజనం కోసమే ఇందులోకి రావాలి. రైతు మీద ధర కోసేసి చేతులు దులుపుకుంటే ఎవరూ శాంపిల్ ఇవ్వరు. అప్పుడు విషం అలాగే ఉంటుంది, మనకు తెలియదు, అంతే.


తెగుళ్ల_విభాగం
గురువారం, ఉదయం 10:20

చేను దగ్గరే ఆపగలిగితే ఈ గొడవంతా తగ్గుతుంది. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ తొక్క గట్టిపడుతుంది. విత్తనానికి ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు పట్టించాలి. వీలున్నవాళ్లు కాయ ఊరేటప్పుడు ఒక్క తడి ఇవ్వాలి. పీకిన చెట్టును కాయ పైకి వచ్చేలా తిరగేసి ఎండబెట్టాలి, పచ్చిగా కుప్ప వేయకూడదు. గింజలో తేమ 8 శాతానికి దిగేదాకా మూట కట్టకూడదు.

వీటిలో ఏది ఎంత తగ్గిస్తుందో చేనులో కొలిచాం. చివరికి పాలలో ఎంత తగ్గిందో, పిల్లల మూత్రంలో ఎంత తగ్గిందో కొలిస్తేనే రైతుకు జిప్సం ఖర్చు ఎందుకు పెట్టాలో అర్థమవుతుంది. స్వాతి, మీ థీసిస్ అక్కడ ఉంది.


స్వాతి_మైక్రో
గురువారం, రాత్రి 9:00

అందరికీ చేతులెత్తి నమస్కారం. మేడంతో రెండు గంటలు మాట్లాడాను. యాంటీబయాటిక్స్ పక్కన పెట్టి ఈ ప్రశ్న తీసుకుంటున్నాను: చేనులో చివరి నెల ఎండు దశకూ, అదే ఇంటి ఆవు పాలలో ఎం1కూ మధ్య సంబంధం ఎంత, చేనులో చేసే పనులతో దాన్ని ఎంత తగ్గించవచ్చు?

శెనక్కాయా ఆవులూ రెండూ ఉన్న ఇళ్లు మాత్రమే తీసుకుంటాం. ఇంటికి ఒకే కోడ్ నంబరు. చేనులో నేల వేడి, తేమ, వాన. పీకినప్పుడు కాయ, గానుగ నుంచి చెక్క, ఆ చెక్క పెట్టే వారంలోనే పాలు, పెద్దవాళ్లు ఒప్పుకుంటే ఇంట్లోవాళ్ల మూత్రం. వాన లెక్కల కోసం వాతావరణం వాళ్లను అడుగుతాం. వెటర్నరీ నుంచి ఒకరు, మెడికల్ నుంచి ఒకరు సహ గైడ్లుగా ఉండాలని మేడం ఉత్తరం రాస్తున్నారు. వ్యవసాయం నుంచి కూడా, చివర్లో కాదు, మొదటి మీటింగుకే.

రైతు అన్నా, మీరు అడిగినవి ప్రాజెక్టులో రాతపూర్వకంగా పెడుతున్నాం. ఊరి పేరు బయటికి రాదు. ఫలితం ముందు మీకే, తెలుగులో, డాక్టరు గారో పశువైద్యులో పక్కన ఉండగా. చెక్క కొనే ముందు పరీక్షకు డబ్బు కేటాయిస్తున్నాం. ఆపిన చెక్క నష్టం ఎవరు భరించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది తేలకుండా శాంపిల్ తీయనని మేడం ముందు చెప్పాను, ఆవిడ ఒప్పుకున్నారు.


జనరల్_మెడిసిన్_తిరుపతి
గురువారం, రాత్రి 10:15

సంతోషం. ఒక సలహా: ఇంటింటికీ తిరిగేటప్పుడు ఎలాగూ ప్రశ్నల కాగితం పట్టుకెళతారు కదా. అందులో ఈ ఏడాది ఇంట్లో ఈడ్చిన ఆవు, ఉన్నట్టుండి చచ్చిన గొర్రె, కుక్కకాటు, వారం దాటిన జ్వరం, ఈ నాలుగు ప్రశ్నలు కలపండి. అదనపు ఖర్చు లేదు. పలమనేరు డాక్టరు గారూ, క్లినిక్ సారూ అడిగినవి కూడా అక్కడ మొదలవుతాయి.


కుక్కకాటు_క్లినిక్
శుక్రవారం, ఉదయం 6:50

ఈ నాలుగు ప్రశ్నలకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కుక్కకాటు పక్కన "టీకా ఎన్ని డోసులు వేయించుకున్నారు" అని కూడా రాయండి. రెండు డోసులతో ఆపేసేవాళ్లు చాలామంది.


రొంపిచెర్ల_రైతు
శుక్రవారం, రాత్రి 8:10

సరే అమ్మా, మా ఇల్లు రాసుకో. ఇంకో నలుగురిని నేను ఒప్పిస్తాను.

మీ కాగితంలో ఒకటి మర్చిపోయినారు. కాయ మిల్లులో ఒలిచే ముందు గింజ పగలకుండా నీళ్లు చల్లుతారు. ఎండిన కాయను మళ్లీ తడుపుతారన్నమాట. అట్లనే మూట కడతారు. చేనులో మేం ఎంత జాగ్రత్త పడినా అక్కడ చెడిపోతే మీ లెక్క మా మీద పడుతుంది. ఒలిచే ముందొకసారి, ఒలిచిన తర్వాతొకసారి కాయ తీయండి. మిల్లు ఆయనకు మొదటే చెప్పి తీయండి, ఆయన మాకు కావాల్సినవాడే.

జూన్‌లో వాన పడితే విత్తుతాం. నేల వేడి కొలిచేది ఏదో పెడతామన్నారు కదా, అది విత్తిన తర్వాత కాకుండా దుక్కి దున్నేటప్పుడే తెచ్చి పెట్టుకోండి. తర్వాత చాళ్ల మధ్య తవ్వితే మా నాయన ఒప్పుకోడు.


స్వాతి_మైక్రో
శుక్రవారం, రాత్రి 8:35

మిల్లు సంగతి రాసుకున్నాను అన్నా, ముందూ వెనకా రెండు శాంపిళ్లు. తెగుళ్ల సార్, నేల వేడి కొలిచే పరికరం ఎంత లోతులో పెట్టాలో చెబుతారా? దున్నే లోపే తెస్తాను.


తెగుళ్ల_విభాగం
శుక్రవారం, రాత్రి 9:00

కాయ ఉండే లోతులోనే, అంటే పై అయిదు సెంటీమీటర్లలో. చేనుకు ఒకటి చాలదు. గట్టు పక్కన ఒకటి, మధ్యలో ఒకటి పెట్టు. సోమవారం కాలేజీకి రా, పరికరం చూపిస్తాను.